కొట్టివేతకు రుజువు

"రెండంటే రెండే గీతలు మేడమ్, నిమిషం పని" అని చెప్పి, గ్యాలరీ నడిపే అమ్మాయి తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది. నిమిషం పనికి గంట ముందే తెచ్చి ఈ సామాన్ల గదిలో కూర్చోబెట్టడమెందుకో జిగురమ్మకు బోధపడలేదు. గోడ గడియారంలో నాలుగు దాటి రెండు నిమిషాలు. ఎదురుగా బల్ల, బల్ల మీద తెల్లగుడ్డ కప్పిన చెక్క అచ్చు, దాని పక్కన కొత్త ఉలి. ఉలి పిడికి ఎర్ర రిబ్బను ముడి వేశారు. ఉలికి రిబ్బనేమిటి, పుట్టినరోజా దానికి? ముప్పై ఎనిమిదేళ్ళుగా పనిచేసి కాయలు కాసిన చెయ్యి ఆమెది. ఆ చేతికి ఈ ముద్దుల ఉలి ఇచ్చి, అందరూ చూస్తుండగా గీయమంటారు, ఈ మూల నుంచి ఆ మూలకొకటి, ఆ మూల నుంచి ఈ మూలకొకటి, తప్పు లెక్కని పంతులు కొట్టేసినట్టు. గాట్లు పడ్డాక చెక్కకు సిరా పూసి ఒక ప్రతి తీసి గోడకు తగిలిస్తారు. దాన్ని కొట్టివేత రుజువు అంటారట. ఈ అచ్చు ఇక చచ్చింది, ఇరవై ఒక్క ప్రతులు తప్ప ఈ బొమ్మ లోకంలో ఇంకోటి పుట్టదు, కొన్నవాళ్ళు గుండె మీద చెయ్యి వేసుకుని నిద్రపోవచ్చు అని దాని అర్థం. అచ్చుబొమ్మల లోకంలో ఎప్పటినుంచో ఉన్న ఆనవాయితీ అని ఆ అమ్మాయి ఎంతో మర్యాదగా చెప్పింది. మర్యాదగా చెప్పింది కాబట్టే ఎదురు చెప్పడానికి నోరు రాలేదు. మరి నలభై మూడు ఇళ్ళవాళ్ళకి ఇచ్చిన మాట? గీత పడ్డాక వాళ్ళ బొమ్మలు ఎక్కడినుంచి తేవాలి? ఆ ప్రశ్న పొద్దున్నుంచీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతూనే ఉంది.

మాట ఇచ్చిందీ తనే, సంతకం పెట్టిందీ తనే, ఇంకెవర్నీ తిట్టుకోవడానికి లేదు. ఒప్పందం నాలుగు కాగితాలు, ఇప్పుడు సంచిలో మడతపడి ఉంది. చదవకుండా పెట్టేసింది సంతకం. చదువు రాక కాదు, అచ్చాఫీసులో అక్షరాలతో కాపురం చేసిన మనిషి, అద్దంలో కనిపించే అక్షరాల్ని కూడా గుక్క తిప్పుకోకుండా చదివేస్తుంది. ఆ రోజు సంతోషం అడ్డొచ్చింది. యాభై ఆరేళ్ళొచ్చాక ఎవరో మెట్లెక్కి ఇంటికొచ్చి, గోడల మీంచి ఊడదీసిన కాగితాలూ, చెక్క మీద చెక్కిన సందూ, ఇదంతా కళ అని, హాలు నిండా మీ బొమ్మలే తగిలిస్తామని అంటే కళ్ళు చిన్నక్షరాల మీద నిలుస్తాయా? ఆపైన మ్యూజియం వాళ్ళ ఉత్తరం. వరుస మొత్తం తీసుకుంటారట, పెద్ద మెట్ల పక్కన శాశ్వతంగా పెడతారట, ఒకటే షరతు, ప్రతుల సంఖ్య ఖాయమై, అచ్చు కొట్టివేసి ఉండాలి. శాశ్వతంగా అన్న మాట చదివినప్పుడు ఆమెకి కాసేపు కాళ్ళు నేల మీద ఆనలేదు. గోడ పోస్టరు ఆయుష్షు పదిహేను రోజులు, వాన పడితే మూడు. అలాంటి పనిలోంచి వచ్చినదానికి శాశ్వతమన్న మాట వింటే ఒళ్ళు పులకరించడం తప్పా? తప్పు కాదు. కాదు గానీ, ఆ పులకరింత ఇప్పుడు గుర్తొస్తుంటే తన మీద తనకే ఒళ్ళు మండుతోంది.

అచ్చును చంపడమనే మాటే ఆమె పని నేర్చిన చోట ఎవరూ ఎరుగరు. గోడ పోస్టర్లు వేసే అచ్చాఫీసు అది, రేకుల కప్పు, కిరసనాయిలు వాసన, దండేల మీద ఆరేసిన తడి కాగితాలు తలకి తగులుతుంటే వంగి నడవాలి. పెదవుల మధ్య చిన్న మేకు పట్టుకునే మాట్లాడే మేస్త్రి ఒకాయన ఉండేవాడు, ఆ మేకు కింద పడగా ఎవరూ చూడలేదు. పద్దెనిమిదేళ్ళ పిల్ల సిరా రోలరు పట్టుకుని బిక్కమొహం వేసుకుని నిలబడితే ఆయన చెప్పిన మొదటి పాఠం, "అచ్చెందుకు చెక్కుతాం పిల్లా? ఒకటిని వెయ్యి చెయ్యడానికి. ఒకటే చాలనుకునేవాడు చేత్తో గీసుకుంటాడు, వాడికింత చాకిరీ ఎందుకు?" అక్కడ అచ్చు అరిగేదాకా పనిచేసేది, అరిగాక బల్ల కాలికింద ఎత్తుకో, గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డుకో పనికొచ్చేది, ఉద్యోగం మాత్రం మానేది కాదు. చెప్పుల కంపెనీ అచ్చొకటి పదకొండేళ్ళు ఆడింది. చివరచివరికి జోడులో ఒక్క చెప్పే పడుతుంటే కంపెనీవాళ్ళు వచ్చి గోల పెట్టారు. "రెండో కాలిది ఎదురు గోడ మీద ఉంటుంది, చూసుకోమనండి" అన్నాడు మేస్త్రి, మేకు పంటికింద నుంచి తీయకుండానే. ఆ మాటకి జిగురమ్మ ఇప్పుడు కూడా, ఈ గదిలో ఒక్కతే ఉండి, నవ్వింది. నవ్వాక కోపమొచ్చింది. తక్కువ ఉంటేనే విలువట. మేస్త్రి ఈ మాట వింటే మేకు మింగేవాడు.

పైనెక్కడో ఏసీ గొట్టం కారుతోంది, కింద పెట్టిన బకెట్లో చుక్క చుక్కగా పడుతోంది, ఒక చుక్క పడ్డాక ఇంకోటి పడేదాకా చెవి అక్కడే ఉంటోంది. ఆమె మొగుడు జిగురు బకెట్టు అంచుకి కుంచె తట్టినప్పుడు ఇలాంటి చప్పుడే వచ్చేది. బకెట్టు, నిచ్చెన, చీపురంత కుంచె, ఇదే ఆయన ఆస్తి. ఆమె అచ్చు వేసిన పోస్టర్లని ఆయన పొద్దు పొడిచేసరికల్లా గోడలెక్కించేవాడు. మొగుడూ పెళ్ళాల కబుర్లు కూడా గోడల గురించే, ఏ గోడ జిగురు పీలుస్తుంది, ఏ గోడ కాగితాన్ని ఉమ్మేస్తుంది అని. జిగురాయన పెళ్ళాం కాబట్టి జిగురమ్మ అయింది, ఆయన పోయి ఆరేళ్ళయినా ఆ పేరు ఊడలేదు. మంచి జిగురే పూశారు. మూతపడ్డ నూలు మిల్లు వెనక పొడుగాటి గోడ ఒకటి ఉండేది, దాని మీద ఏళ్ళకేళ్ళ పోస్టర్లు ఒకదాని మీదొకటి ఎక్కి బొటనవేలంత మందం కట్టాయి. ఆయన పోయిన రెండో నెలలో ఆమె తడి గోనెపట్టా, మొద్దు కత్తి పట్టుకుని ఆ గోడ దగ్గరికి వెళ్ళింది. ఎందుకెళ్ళిందో తనకే తెలీదు, ఇంట్లో కూర్చోలేక వెళ్ళింది. పట్టా అద్ది, అంచు లేపి, పలకలు పలకలుగా ఊడదీసి, తొట్టిలో నానబెట్టి పొర పొర విడదీసింది. సగం మొహం, ఒక పన్ను, సైకిలు చక్రం, ఎండకి వెలిసి ఏ డబ్బాలోనూ దొరకని గులాబీ రంగు. అయిదో పొరలో ఎడమవైపు పైమూల చిటికెన వేలి వెడల్పున లోపలికి మడిచి ఉంది. అలా మడిచేది లోకంలో ఒక్కరే, గాలి కాగితం మూల పట్టుకుని లాగకుండా. ఆ మడత చేతిలో పెట్టుకుని సాయంత్రం దాకా కూర్చుంది. అంతా దుఃఖం కాదు, సగం కోపం. ఇంత జాగ్రత్తగా అంటించిన మనిషి గురించి ఎవడికీ తెలీదని, ఈ గోడ వైపు ఎవడూ కన్నెత్తి చూడడని.

అక్కడినుంచే మొదలైంది ఈ బొమ్మల పిచ్చి. మిల్లు గోడకి ఎదురుగా రెండంతస్తుల ఇళ్ళ వరస, కింద ఇరవై మూడు తలుపులు, పైన ఇరవై, ఒకదాన్నొకటి ఆనుకుని, ఒకటి తీసేస్తే మిగతావి పడిపోతాయేమో అన్నట్టు. కార్పొరేషను పుస్తకంలో ఆ చోటుని నిరుపయోగ స్థలం అని రాసుకున్నారు. నిరుపయోగమట, నలభై మూడు పొయ్యిలు వెలిగే చోటు! ఆ మాట విన్నరోజే ఉలి పట్టింది. ఇళ్ళ గోడలకి ఆ గోడ మీది కాగితాన్నే చింపి అతికించి, దాని మీద తలుపులూ కిటికీలూ మెట్లూ తీగలూ చెక్క అచ్చుతో నల్లగా వేసింది. గోడ బొమ్మ కాదది, గోడే. అచ్చులో కుడి ఎడమవుతుంది, అందుకని చెక్కేటప్పుడు సందుని తిరగేసి నడవాలి. ఎనిమిది నెలలు ఆమె అలా తిరగేసిన సందులో కాపురం చేసింది. పక్కింటికెళ్ళబోయి అవతలి పక్కింటి తలుపు తట్టిన రోజులున్నాయి. ఇంతా చేసి కుళాయి ఒక్కటి అలవాటు కొద్దీ ఉన్నవైపే చెక్కేసింది. మొదటి ప్రతి గోడకి తగిలించిన రోజు సందంతా వచ్చి చూశారు, తమ తమ తలుపులు వెతుక్కున్నారు, అంతలో ఇస్త్రీ చేసే ఆవిడ గట్టిగా అంది, "జిగురమ్మా, మా కుళాయిని ఆ చివరికి ఎప్పుడు మార్పించావే? పన్నెండేళ్ళు అర్జీలు పెట్టినా కదల్లేదే అది!" ఆ చివరి ఇళ్ళవాళ్ళు చప్పట్లు కొట్టారు. అందరూ పగలబడి నవ్వారు. బయట సామాన్ల లారీలు ఆగి ఉన్నాయి, ఆ రోజే ఖాళీ చేస్తున్నారు, ఊరి చివర కొత్త ఫ్లాట్లకి. అలా నవ్వుతున్నవాళ్ళని చూసి ఆమె నోరు ఆగలేదు. "ఇంటికొకటి ఇస్తాను, మీ కొత్త గోడలకి తగిలించుకుందురు గాని" అంది. ఎవరూ అడగలేదు. అడగకుండా ఇచ్చిన మాట మరీ బరువు.

తలుపు తోసుకుని వదిన వచ్చింది. జిగురాయన అక్క, బట్టలు కుట్టి ముగ్గురు పిల్లల్ని పెంచిన మనిషి, ఆ వరసలో పై అంతస్తు పదహారో తలుపు ఆమెది. ఇప్పుడు నాలుగో అంతస్తులో ఉంటోంది, లిఫ్టు ఉంది గానీ అదీ తనలాగే మోకాళ్ళ నొప్పి మనిషే అంటుంది.

"దీనికి దుప్పటేమిటే, జలుబు చేస్తుందనా?" అంది, గుడ్డ కొస ఎత్తి చూస్తూ.

"నువ్వు హాల్లో కూర్చోవచ్చుగా వదినా."

"కూర్చున్నా. ఒకాయన పక్కన నిలబడి, ఎంత ప్రశాంతంగా ఉందో ఈ వీధి అంటున్నాడు. ప్రశాంతమట! మన సందు! నేను మిషను తొక్కుతుంటే కింద తాళాల తాత బూతులు తిట్టని రోజుందా? ఇంకో మాట విను. ఈ చెక్క గురించి గోడ మీద రాశారు చూశావా? నూరేళ్ళ నాటి ద్వారం, కాలం చెక్కిన కలప అట. ఒకావిడ ఫొటోకి దణ్ణం పెట్టినంత పని చేసింది."

చెప్తూ చెప్తూనే వదినకి నవ్వు ముంచుకొచ్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని గోడకి జారగిలబడిపోయింది. జిగురమ్మకీ ఆగలేదు. ఆ ద్వారం ఏ ద్వారమో ఈ భవనం మొత్తంలో తెలిసినవాళ్ళు వాళ్ళిద్దరే. సందు చివర అందరికీ కలిపి ఉన్న మరుగుదొడ్డి తలుపు అది. పొద్దున్నే దాని ముందు బకెట్లతో వరస కట్టనివాళ్ళు లేరు, దాని మీద అరచేత్తో బాది, త్వరగా రమ్మని అరవనివాళ్ళు లేరు. గట్టి చెక్క, ఇన్ని దెబ్బలు తిన్నా పగల్లేదు, చిత్రిక పట్టేసరికి లోపల తేనె రంగు తేలింది. దాన్నెందుకు ఎంచుకున్నావని ఎవరైనా అడిగితే గట్టిదని చెప్పేది. అసలు కారణం వేరే ఉంది. సందు మొత్తంలో గుర్తు పడని తలుపు అదొక్కటే.

ఆ గుర్తులు తలుచుకుంటే నవ్వు టక్కున ఆగిపోయింది. ఇద్దరు మనుషులు, ఒక ఎర్ర రంగు డబ్బా, ఒక కుంచె. తలుపు తట్టలేదు, ఇంట్లో ఎవరైనా ఉన్నారా అని అడగలేదు. తలుపు మీదే గీశారు, ఈ మూల నుంచి ఆ మూలకి, ఆ మూల నుంచి ఈ మూలకి, నలభై మూడు తలుపులకీ, రంగు ఇంకా గడప మీదికి కారుతుండగానే పక్క తలుపుకి జరిగిపోయారు. కొట్టివేయాల్సిన ఇల్లు అని దాని అర్థం. మరుగుదొడ్డిలో కాపురాలుండవు కాబట్టి దాన్ని వదిలేశారు. వాళ్ళు అటు పోయారో లేదో వదిన కిందికి దిగి రంగు డబ్బా తెచ్చి, తన తలుపు మీది గుర్తుకి కింద రెండు సున్నాలు చుట్టింది. కత్తెరయింది. పక్కన "బట్టలు కుట్టబడును" అని రాసింది. పక్కింటి పిల్లలు నాలుగు అంచులూ కలిపి గాలిపటం చేశారు. తాళాల తాత రెండు గీతల చివర్లకీ పళ్ళు పెట్టి తాళంచెవుల జత చేశాడు. తెల్లారేసరికి సందులో ఒక్క గుర్తూ గుర్తులా లేదు, వచ్చిన అధికారి కాగితం చూసుకుని, తలుపులు చూసుకుని, తప్పు వీధికొచ్చానేమో అనుకుని వెనక్కిపోయాడు. తొమ్మిది నెలలు ఆ కత్తెరా, ఆ గాలిపటమే కాపాడాయని ఇస్త్రీ ఆవిడ ఇప్పటికీ అంటుంది. తర్వాత ఇళ్ళు కూల్చే యంత్రం వచ్చింది. దానికి బొమ్మలు చదవడం రాదు.

నాలుగున్నర. హాల్లో కుర్చీలు జరుపుతున్నారు. ఒకటి, చెక్క ఎత్తుకుని వెనక తలుపులోంచి పారిపోవచ్చు. వెనక తలుపు ఉందో లేదో తెలీదు, చెక్కేమో మనిషంత పొడుగు, ఇద్దరు ముసలివాళ్ళు దాన్ని మోసుకుంటూ రోడ్డున పరుగెత్తితే చూసేవాళ్ళకి మాత్రం మంచి కాలక్షేపం. రెండు, గీయను అనొచ్చు. అంటే మ్యూజియం పోతుంది, గ్యాలరీ పోతుంది, ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంటుంది. పాపం దాని తప్పేముంది, ప్రతి చట్రానికీ తనే దగ్గరుండి గాజు తుడిచింది. మూడు, గీసేసి, చేతులు దులుపుకుని, ఆ నలభై మూడు ఇళ్ళకీ వెళ్ళి, మాట తప్పాను, క్షమించండి అనొచ్చు. వాళ్ళు క్షమిస్తారు కూడా. అదే కష్టం. ఇల్లు పోయినప్పుడే ఓర్చుకున్నవాళ్ళు బొమ్మ కోసం దెబ్బలాడతారా? పోనీలేవే అంటారు, టీ ఇస్తారు. ఆ టీ గొంతు దిగదు. ఎందుకు ఓర్చుకోవాలి వాళ్ళు ప్రతిసారీ? ఎవరో వచ్చి ఇంత చాలు, ఇంతే విలువ, ఇక చాలించండి అని గీత గీస్తే, తలుపైనా బొమ్మయినా, ప్రతిసారీ వీళ్ళేనా పక్కకి జరగాల్సింది? ఆ రోజు గీసింది ఎవరో ఇద్దరు జీతగాళ్ళు. ఇవాళ తన చేతికే కుంచె ఇచ్చారు. రిబ్బను కట్టి మరీ ఇచ్చారు. గీత పడని ఒక్క తలుపుకీ తన చేత్తోనే వేయమంటున్నారు. ఛీ, అని పైకే అంది.

"ఏమే, నువ్వు గీసే గీత నా తలుపు మీదుగా పోతుందా?" అని అడిగింది వదిన, ఇంకేదో మామూలు సంగతి అడిగినట్టు.

జిగురమ్మ గుడ్డ లాగేసింది. ఇరవై ఒక్కసార్లు సిరా తాగిన చెక్క నల్లగా నిగనిగలాడుతోంది. కింది మూల మీద వేలు పెట్టి, చెక్క తడుముతూ మెల్లగా పై మూలకి పోనిచ్చింది. గడియారాలు బాగుచేసే ఆయన తలుపు, బూట్లు కుట్టే అన్నది, మెట్ల కింద ఒంటరిగా ఉండే లెక్కల టీచరుది, పైకెక్కి కవల పిల్లలవాళ్ళది, మొత్తం ఆరు. రెండో గీత ఇంకో అయిదింటి మీదుగా. కలిపి పదకొండు. వదిన తలుపుకి జానెడు దూరంలో పోతోంది.

"నీది తగలదు."

"అయితే నా ఇల్లు ఉన్నట్టేనా?"

"బొమ్మలో ఉన్నట్టే."

"భలే. ఇల్లేమో లేదు, బొమ్మలో మాత్రం భేషుగ్గా ఉంది" అంది వదిన. ఈసారి నవ్వలేదు.

పదకొండు తలుపులకి గీత, ముప్పై రెండు నిక్షేపంగా ఉన్నాయి. నిజంగా గీత పడింది నలభై మూడుకీ, అంటే ఇది అబద్ధం. ఆమె వేలు వదిన తలుపు పక్కనే ఆగిపోయింది. అసలు ఈ బొమ్మే అబద్ధం కాదూ? హాల్లో ఇరవై ఒక్క చట్రాల్లో ఆ సందు ఎంత ప్రశాంతంగా ఉందో, ఆ పెద్దమనిషి అన్నదాంట్లో తప్పేముంది, అంత ప్రశాంతంగా చెక్కింది తనే. ఇళ్ళు పోతాయని తెలిసి, గుర్తులు పడకముందులా చెక్కితే కాపాడినట్టనుకుంది. గుర్తులు వేసినవాళ్ళని మాత్రం మరకలేకుండా తప్పించేసింది, వాళ్ళకింతకంటే ఏం కావాలి, మ్యూజియంలో మెట్ల పక్కన శాశ్వతంగా తమ చేతులు శుభ్రంగా ఉంటాయి. సంచిలోంచి ఒప్పందం తీసింది. ఇన్నాళ్ళకి చదివింది, మేస్త్రి నేర్పినట్టు, ఒక్కో అక్షరాన్నీ గోటితో నొక్కుతూ. మొదటి బొమ్మ మళ్ళీ రాకుండా అచ్చును కళాకారిణి కొట్టివేయాలి. ఎన్ని గీతలో లేదు, ఎక్కడ గీయాలో లేదు. కొట్టివేతకు రుజువుగా ప్రతి తీయాలి. ఎన్నో లేదు. కొట్టివేత ప్రతులకు విలువ లేదు, వాటిని అమ్మరాదు. ఆ చివరి వాక్యం రెండుసార్లు చదివింది. విలువ లేదు. అమ్మరాదు. నిరుపయోగ స్థలం అని రాసినవాళ్ళ అన్నదమ్ములే రాసుంటారు ఇది. ఆమెకి లోపల ఎక్కడో మూత ఊడినట్టయింది. విలువ లేనిదాని మీద అధికారం కూడా ఉండదుగా ఎవరికీ! లేచి చుట్టూ చూసింది. మూలన చట్రాలు చుట్టే గోధుమరంగు కాగితం చుట్ట నిలువెత్తున నిలబడి ఉంది, ఒక వీధికి సరిపడా కాగితం.

"వదినా, ఆ చుట్ట పట్టు. నీకివాళ మోకాళ్ళ నొప్పి లేదు" అంది.

ఐదింటికి హాలు నిండింది. గ్యాలరీ అమ్మాయి నాలుగు మంచి మాటలు చెప్పి రిబ్బను కట్టిన ఉలి అందించింది. జిగురమ్మ దాన్ని బల్ల అంచున పెట్టేసి, సంచిలోంచి తన ఉలి తీసుకుంది, పిడి నల్లబడి, తన బొటనవేలికి అరిగినది. చెక్క మీదికి వంగి, కింది వరసలో మొదటి తలుపు మీద, గోరంత చోటులో, రెండు గాట్లు పెట్టింది. "ఇది ఇస్త్రీ చేసే అక్కయ్యది" అంది, అందరికీ వినపడేలా. పక్కదానికి జరిగింది. "ఇది తాళాల తాతది." చెక్క పొట్టు లేచి బల్ల మీద పడుతోంది. "ఇది పాలు పోసే ఆవిడది. ఇది ఆవిడ చెల్లెలిది, ఇద్దరికీ మాటల్లేవు."

"మేడమ్, రెండు పెద్ద గీతలు చాలు" అంది గ్యాలరీ అమ్మాయి, పక్కకి వంగి, గొంతు తగ్గించి.

"మాకు ఒక్కో తలుపుకీ గీశారమ్మా. నేనేమైనా తగ్గిస్తే వాళ్ళకి అన్యాయం."

మొదట కెమెరాలు టకటకమన్నాయి, తర్వాత తగ్గాయి, పది తలుపులయ్యాక గ్లాసుల చప్పుడు కూడా ఆగింది. ఉలి చప్పుడూ ఆమె గొంతూ తప్ప ఇంకేమీ లేదు. లెక్కల టీచరుది. రైలు డ్రైవరుది. పెళ్ళి కాకుండానే కలిసుండేవాళ్ళది, సందంతా ముక్కున వేలేసుకున్నా వాళ్ళ గుమ్మం ముందే ఎక్కువ పూలుండేవి. పై వరస పదహారో తలుపు దగ్గర ఆమె చెయ్యి ఒక్క క్షణం ఆగింది. "గీయవే, నాదెందుకు వదులుతావ్" అంది వదిన. గీసింది. నలభై మూడూ అయ్యేసరికి వేళ్ళు కొంకర్లు పోయాయి. రోలరుతో సిరా పూసి, గోధుమరంగు కాగితం పరిచి, వదిన ఒక కొస పట్టుకోగా చెంచా వీపుతో అంగుళం అంగుళం రుద్ది, లేపింది. నల్లటి తలుపులు, ఒక్కో తలుపు మీద కాగితం రంగులో గుర్తు. పోస్టరు కాగితాల రంగుల్లేవు, గులాబీ లేదు, ఏమీ లేదు, వీధీ గుర్తులూ మాత్రమే. ఇంతకుముందు ప్రశాంతంగా ఉందన్న పెద్దమనిషి చొక్కా కాలరు సవరించుకున్నాడు.

"ఇది మీ రుజువు" అని ఆ ప్రతిని గ్యాలరీ అమ్మాయి చేతుల్లో పెట్టి, చుట్టలోంచి ఇంకో కాగితం చింపింది.

"మేడమ్, ఒక్కటి చాలు."

"కాగితంలో ఎన్నని లేదమ్మా, చదివాను. విలువ లేదని ఉంది, అమ్మకూడదని ఉంది. నేను అమ్మను. రోజుకి అయిదు తీస్తాను, నీ ప్రదర్శన తొమ్మిది రోజులు, సరిపోతాయి. నలభై మూడు కావాలి నాకు."

ఆ అమ్మాయి తన చేతిలోని తడి ప్రతిని చూసింది, గోడమీది ఇరవై ఒక్క చట్రాల్ని చూసింది. వెళ్ళి ఆ తడి కాగితాన్ని తనే మేకుకి తగిలించింది. అప్పుడు మ్యూజియం నుంచి వచ్చినాయన జనాన్ని తప్పించుకుంటూ బల్ల దగ్గరికొచ్చాడు, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, చెక్కనీ గోడమీది తడి ప్రతినీ చూశాడు.

"మా దగ్గర ఉండాల్సింది ఇదేనండీ. ఆ చట్రాలతోపాటు ఇలాంటి ప్రతి ఒకటి మాకు ఇప్పించాలి" అన్నాడు, నిజంగానే మనసుపడి.

జిగురమ్మ రోలరుని సిరాలో దొర్లిస్తూ తలెత్తింది.

"మీ ఇంటి తలుపు మీద ఎవరైనా గుర్తు వేశారా?"

"లేదండీ."

"వేసిన రోజున రండి, మీకూ ఒకటి తీసిస్తాను" అంది. ఆయన ఒక అడుగు వెనక్కి వేశాడు. వదిన రెండో కాగితం కొస పట్టుకుంది.